మహిమలన్నీ ఒకేలా ఉన్నాయి, మరి భక్తుల చరిత్రలు ఒకదాన్ని చూసి ఒకటి రాసినవేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: భక్తుల కథలు వరసపెట్టి చదువుతుంటే ఒకటే మహిమ (దేవుడు పాలు తాగడం లాంటిది) ముగ్గురు నలుగురి జీవితాల్లో కనపడుతోంది, పైగా కథలు కాలంతోపాటు పెరుగుతున్నట్టున్నాయి, అలాంటప్పుడు ఇవి చరిత్ర అనుకోవాలా, కావ్యం అనుకోవాలా, లేకపోతే ఇంట్లో పెద్దవాళ్ళు పారాయణ చేసుకునే పుస్తకాలని వదిలెయ్యాలా, ఇవి నమ్మి చదువుకునే మీ అమ్మమ్మగారితో అవి జరగలేదని చెప్పాలా వద్దా. నేను చాలా ఏళ్ళుగా ద్విపద కావ్యాలు, భక్త చరిత్రలు చదువుతూ పాఠం చెబుతూ ఉన్నవాణ్ణి, కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు నా మాట చెప్పేస్తా. రెండు కథలు ఎక్కడ కలిశాయో కనిపెట్టి అక్కడితో ఆగిపోతే చేతికి ఏమీ చిక్కదు. ఎక్కడ విడిపోయాయో చూడాలి. మహిమ అందరి సొత్తు, ఊళ్ళు తిరుగుతుంది, మతాలు కూడా దాటుతుంది, కానీ ఆ మహిమని ఎవరి చేతిలో పెట్టారు, చివర్లో ఆ మనిషి ఏమయ్యాడు, చుట్టూ ఉన్నవాళ్ళు నమ్మారా నమ్మలేదా అన్న దగ్గర మాత్రం ఆ కథ చెప్పినవాళ్ళ గుండె బయటపడిపోతుంది.

మీరు చెప్పిన పాలు తాగిన దేవుడి కథే తీసుకుందాం. పాల్కురికి సోమనాథుడు శివభక్తుల కథలతో తెలుగులో రాసిన బసవ పురాణంలో గొడగూచి అని ఒక చిన్నపిల్ల, తండ్రి ఊరెళ్తూ రోజూ శివుడికి పాలు పెట్టమని చెప్పి వెళ్తాడు, పిల్ల పెడుతుంది, శివుడు తాగడు, ఏడుస్తుంది, బతిమాలుతుంది, తల బాదుకుని చచ్చిపోతానంటుంది, అప్పుడు తాగుతాడు. మహారాష్ట్రలో నామదేవుడి చిన్నప్పటి కథ ఇదే, తండ్రి లేనప్పుడు విఠలుడికి పాలు తీసుకెళ్తాడు, దేవుడు తాగకపోతే ప్రాణం తీసుకోబోతాడు (ఈ పాల గిన్నె పాట నామదేవుడి పేరుతో సిక్కుల గురు గ్రంథ్ సాహిబ్‌లో కూడా ఉంది). తమిళదేశంలో నంబి ఆండార్ నంబి కథ మళ్ళీ ఇదే, అక్కడ దేవుడు తిరునారైయూరు వినాయకుడు, పాల బదులు నైవేద్యం. ముగ్గురూ పిల్లలు, ముగ్గురికీ తండ్రి ఇంట్లో లేడు, ముగ్గురూ ప్రాణం తీసుకోబోయారు. ఇంతవరకూ చూస్తే మీ అనుమానం నూటికి నూరుపాళ్ళు కరెక్టే.

ఇప్పుడు చివర్లు చూడండి. నంబి పెద్దయ్యాక అదే వినాయకుడి సాయంతో చిదంబరం గుళ్ళో మరుగున పడిపోయిన తేవారం అనే తమిళ శివభక్తి పాటల్ని వెలికి తీయించినవాడయ్యాడు, అంటే ఒక సంప్రదాయానికి గ్రంథాన్ని కట్టిచ్చినవాడు, కాబట్టి ఆ నైవేద్యం కథ ఆయన చేతికి అధికారం ఇస్తోంది. నామదేవుడి మాట నిజమేనని తర్వాత తండ్రి కూడా కళ్ళారా చూస్తాడు, పిల్లాడు పెరిగి పెద్ద కవి అవుతాడు. గొడగూచి మాటేంటి? తండ్రి తిరిగొచ్చి నమ్మడు. పాలు నువ్వే తాగేశావని కోప్పడి కొట్టడానికి వెంటపడతాడు, పిల్ల పరిగెత్తుకెళ్ళి లింగాన్ని కౌగిలించుకుని అందులో కలిసిపోతుంది. అంతే, ఇంక పిల్ల లేదు. కన్నడంలో కోళూరు కొడగూసు అని ఈ పిల్లనే ఇప్పటికీ పాడుకుంటారు. మగపిల్లల విషయంలో అదే మహిమ ఒక పెద్ద జీవితానికి మొదలైతే, ఆడపిల్ల దగ్గర అదే ఆఖరు అయింది. దీన్ని పట్టుకుని పాతకాలం వాళ్ళకి ఆడపిల్లలంటే లెక్కలేదని ఒక్క మాటలో తేల్చేసేవాళ్ళున్నారు, నేను ఒప్పుకోను, ఎందుకంటే సోమనాథుడు ఆ పిల్ల పక్షాన నిలబడి చెప్తాడు, నమ్మని తండ్రి వైపు కాదు. నిజం చెప్పిన పిల్లని ఇంట్లోవాళ్ళే నమ్మకపోతే ఆ పిల్లకి ఎక్కడ చోటు అని అడిగిన కథ ఇది. ఎవరు ఎవర్ని చూసి రాశారన్న చర్చలో ఉండిపోతే ఈ ప్రశ్న మనకి వినపడదు కదండీ.

ఇంకోటి చెప్తాను, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. రుద్రపశుపతి. ఈయన 63 మంది నాయనార్లలో, అంటే తమిళ శివభక్తుల్లో, ఒకడు. 12వ శతాబ్దంలో శేక్కిళార్ రాసిన పెరియ పురాణంలో ఈయన కథ చాలా చిన్నది, వేదం చదువుకున్న బ్రాహ్మణుడు, కోనేట్లో పీకల్లోతు నీళ్ళల్లో నిలబడి రాత్రింబగళ్ళు శ్రీరుద్రం చదివి శివుణ్ణి చేరాడు. బసవ పురాణంలోనూ పేరు ఇదే, నీళ్ళూ ఉన్నాయి. కానీ ఎందుకు దిగాడో చూడండి: ఎవరో పురాణం చెబుతుంటే శివుడు విషం తాగాడని విన్నాడు, విని గుండె బద్దలైంది, అయ్యో విషం తాగితే ఇంక బతుకుతాడా, ఎవరూ ఆపలేదా, ఇలాంటి మాట విన్నాక నేనెందుకు బతకాలి అని నీళ్ళల్లో దిగాడు. శివుడు ఎదురుగా వచ్చి నిలబడి నాకేం కాలేదయ్యా అంటే కూడా వినడు, ఆ విషం ముందు కక్కెయ్యి అంటాడు. కక్కితే లోకాలన్నీ కాలిపోతాయని శివుడు నచ్చజెప్పి, ఆఖరికి తన తొడ మీద కూచోబెట్టుకుని, నా గొంతు చూస్తూ ఉండు, విషం కిందకి దిగుతుందేమో నువ్వే కనిపెట్టుకుని ఉండు అంటాడు.

ఒకే భక్తుడు, ఒకే నీళ్ళు. ఒక చోట వేదపారాయణ, ఇంకోచోట పురాణం విని తల్లడిల్లిన అమాయకత్వం. ఈ మార్పు సోమనాథుడిదా, ఆయనకి ముందు నోటినోటా చెప్పుకున్న శివభక్తులదా అన్నది పక్కన పెట్టండి, ఆయన మాత్రం తెలిసే ఈ కథని ఎంచుకున్నాడని నా నమ్మకం. వేదం రాక కాదు, సోమనాథ భాష్యం అని సంస్కృతంలో శాస్త్రగ్రంథం రాసిన మనిషి. మామూలు జనానికి అందాలనే గద్యపద్యాల చంపూ మార్గం వదిలి జాను తెనుగులో, అంటే తేలికైన తెలుగులో, ద్విపదలు కడుతున్నానని మొదట్లోనే చెప్పుకున్నాడు. వినేవాళ్ళలో వేదం చదవని వాళ్ళు, చదవనివ్వని వాళ్ళు ఉన్నారు, వాళ్ళ ముందు రుద్రం చదివినవాడు మోక్షం పొందాడని చెబితే వాళ్ళకేం మిగులుతుంది? ఆయన చెప్పిన కథలో పురాణం వినడానికి వచ్చిన మనిషే భక్తుడయ్యాడు. ఆ ద్విపద వింటున్నవాడు కూడా సరిగ్గా అదే పని చేస్తున్నాడు, వింటున్నాడు. ఇలాంటి వాళ్ళ కోసం ముగ్ధ భక్తులని ఒక కథల గుంపే ఉంది అందులో, శివుడికి తల్లి లేదని బాధపడి తనే తల్లిగా మారి పసిపిల్లాడిలా సాకిన బెజ్జమహాదేవి కూడా ఆ గుంపులోదే.

కథలు పెరగడం గురించి కూడా అడిగారు. పెరుగుతాయి, అందులో దాచాల్సింది ఏమీ లేదు. నాయనార్ల చరిత్రే తీసుకోండి, మొదట సుందరర్ అనే భక్తకవి పాడిన ఒక చిన్న పాటలో భక్తుల పేర్లు, పేరుకి అటూ ఇటూ ఒకటి రెండు విశేషణాలు, ఫలానావారికి నేను దాసుణ్ణి అంటూ వెళ్ళిపోతాడు. ఆ తర్వాత ఇందాక చెప్పిన నంబి ఆండార్ నంబి ఒక్కొక్కరికీ ఒక పద్యం లెక్కన అందాది (ఒక పద్యం చివరి మాటతో తర్వాతి పద్యం మొదలయ్యే రచన) రాశాడు. ఆ తర్వాత చోళుల కొలువులో మంత్రిగా పనిచేసిన శేక్కిళార్ దాన్ని నాలుగు వేల పైచిలుకు పద్యాల మహాకావ్యం చేశాడు. పేర్ల జాబితా కాస్తా ఊళ్ళు, కులాలు, పంటపొలాలు, యుద్ధాలు, పెళ్ళిళ్ళతో సహా ఒక దేశం బొమ్మ అయిపోయింది. కన్నప్ప మన తిన్నడు కూడా ఇదే దారిలో వచ్చి, 16వ శతాబ్దంలో ధూర్జటి చేతిలో పడేసరికి తెలుగు అడవిలో తెలుగు వేటగాడయ్యాడు. ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యలేదు, ప్రతివాళ్ళూ తమ ముందు కూచున్నవాళ్ళకి చెప్పారు.

సరే, మతాలు దాటడం. బుద్ధుడు రాజభవనం వదిలిన కథ మధ్య ఆసియా మీదుగా అరబ్బీలోకి, అక్కణ్ణించి జార్జియన్‌లోకి, గ్రీకులోకి, లాటిన్‌లోకి వెళ్ళి, చివరికి జోసఫత్ అనే భారతదేశపు రాకుమారుడి కథగా మారింది, ఆ జోసఫత్‌ని బార్లాం అనే గురువుతో కలిపి కాథలిక్కులు నవంబర్ 27న పుణ్యపురుషుడిగా తలుచుకున్నారు. అంటే బుద్ధుడు శతాబ్దాల పాటు క్రైస్తవ పుణ్యపురుషుల లెక్కలో ఉన్నాడన్నమాట.

ఇంకా ఆశ్చర్యంగా ఉండేది కుక్క కథ. మనందరికీ చిన్నప్పట్నుంచీ తెలుసు, ఉయ్యాల్లో పిల్లాణ్ణి పాము నుంచి కాపాడిన ముంగిస, దాని నోటికి రక్తం చూసి తొందరపడి చంపేసిన ఇల్లాలు. ఫ్రాన్స్‌లో లియోన్ దగ్గర పల్లెల్లో ఇదే కథ గినెఫోర్ అనే వేటకుక్కకి జరిగిందని చెప్పుకునేవారు, అక్కడితో ఆగలేదు, ఆ కుక్క సమాధి దగ్గరికి తల్లులు జబ్బుపడ్డ పసిపిల్లల్ని తీసుకెళ్ళేవారు. 13వ శతాబ్దంలో ఎటియెన్ ద బుర్బోన్ అనే డొమినికన్ సన్యాసి అది విని మండిపడి కుక్క ఎముకలు తవ్వించి తగలబెట్టించాడు, చుట్టూ ఉన్న చెట్లు నరికించాడు. అయినా ఆ పల్లెవాళ్ళు మానలేదు, 19వ శతాబ్దంలో కూడా అక్కడికి పిల్లల్ని తీసుకెళ్ళిన ఆధారాలు దొరికాయి. ముంగిస కథ మన దగ్గర తొందరపడొద్దు అని చెప్పే నీతికథగానే ఉండిపోయింది, అక్కడ మాత్రం పవిత్రమైంది. తేడా ఎక్కడొచ్చిందంటే, అక్కడ ఆ చోటు అవసరమైన తల్లులున్నారు. పిల్లలు పుట్టి పుట్టి పోయే కాలంలో, పిల్లాణ్ణి కాపాడబోయి అన్యాయంగా చచ్చిపోయిన జీవిని మించి ఆ తల్లుల బాధ ఎవరికి తెలుస్తుంది? పవిత్రత పైనుంచి ఆర్డర్ వేస్తే రాదు, ఆర్డర్ వేస్తే పోదు కూడా.

ఇక అన్నింటికన్నా పెద్ద ప్రశ్న, ఇందులో చరిత్ర ఉందా. ఉంది, కానీ మహిమని ఒలిచేసి లోపల ఏదో గట్టి నిజం ఉంటుందని వెతికితే దొరకదు. అన్నమయ్య సంగతి చూడండి. ఆయన జీవితం మనకి ప్రధానంగా మనవడు చిన్నన్న రాసిన ద్విపద వల్ల తెలుసు, దాన్ని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పరిష్కరించి పెద్ద పీఠికతో 1949లో బయటికి తెచ్చారు. అందులో సాళువ నరసింహరాయలు తన మీద ఒక పదం చెప్పమనడం, అన్నమయ్య చెవులు మూసుకుని హరిని తప్ప ఇంకొకరిని పొగడనడం, సంకెళ్ళు వెయ్యడం, కీర్తన పాడగానే సంకెళ్ళు ఊడిపోవడం ఉన్నాయి. రాజుని కాదన్న కవి కథ కూడా ఊళ్ళు తిరిగేదే, పోతన మీద ఉంది, ఉత్తరాదిలో కుంభన్‌దాస్ అక్బర్ పిలుపుమీద ఫతేపూర్ సిక్రీ వెళ్ళి, భక్తులకి సిక్రీతో పనేంటి, వస్తూ పోతూ చెప్పులరిగాయి, హరినామం మరిచిపోయాను అని అక్బర్ ముందే పాడిన కథ ఉంది. మారింది ఎక్కడ? కుంభన్‌దాస్‌కి రాజు కొత్తవాడు. పోతనకి రాజు ఎప్పుడూ దూరమే. అన్నమయ్యకి మాత్రం రాజు ముందు స్నేహితుడు, ఆదరించినవాడు, ఆ తర్వాతే సంకెళ్ళు. తాళ్ళపాక కుటుంబం తిరుమల గుడితోనూ విజయనగర రాజులతోనూ గట్టి సంబంధాలున్న కుటుంబం, ఆయన పాటల్ని వేల రాగిరేకుల మీద చెక్కించగలిగిన కుటుంబం. అలాంటి ఇంట్లో మనవడు తాతగారి గురించి రాస్తూ, రాజు దగ్గర ఎంతవరకు వెళ్ళొచ్చు, ఎక్కడ ఆగాలి అన్న గీతని ఆ సంకెళ్ళ కథతో గీశాడని నేను చదువుకుంటాను. ఇది కూడా చరిత్రే, సంకెళ్ళు ఊడాయా లేదా అన్నదానికన్నా పనికొచ్చే చరిత్ర.

ఆ రాగిరేకుల మొదట్లో ఒక వాక్యం ఉంటుంది, నా దగ్గర చదువుకునేవాళ్ళకి తప్పకుండా చూపిస్తాను. శక సంవత్సరం 1346 క్రోధిలో, అంటే 1424లో, అన్నమాచార్యులు పుట్టిన పదహారేళ్ళకి తిరువేంగళనాథుడు ప్రత్యక్షమయ్యాడని, అప్పట్నుంచి శక 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా, అంటే 1503 దాకా, సంకీర్తనలు చెప్పాడని. ఆయన పుట్టిన ఏడాది, పోయిన ఏడాది మనం లెక్క కట్టేది ఈ వాక్యంతోనే. దేవుడు కనపడటం, తిథి, ఏడాది లెక్క అన్నీ ఒకే వాక్యంలో, ఒకే లోహం మీద, ఒకే గొంతుతో. రాసినవాళ్ళకి ఇది చరిత్ర, ఇది భక్తి అని రెండు డబ్బాలు లేవు. ఒక సగం తీసుకుని రెండో సగం కొట్టేస్తే మిగిలేది మనం తయారుచేసుకున్నదే తప్ప వాళ్ళది కాదు.

అలాగని విమర్శ వద్దనడం లేదు నేను. విమర్శ అంటే భక్తి లేనివాళ్ళ పని అనుకోవడం పెద్ద పొరపాటు. క్రైస్తవ పుణ్యపురుషుల కథల్ని రాతప్రతులతో పోల్చి జల్లెడ పట్టే పని 1643 నుంచి మొదలుపెట్టి అచ్చు వేసింది జెసూట్ సన్యాసులే, బొల్లాండిస్టులు అంటారు. మా సంఘాన్ని పాత నిబంధన ప్రవక్త ఏలీయాయే స్థాపించాడని కార్మెలైట్లు చెప్పుకుంటే, దానికి ఆధారం లేదని బొల్లాండిస్టుల్లో పాపెబ్రోక్ అనే ఆయన రాశాడు, దాంతో 1695లో స్పెయిన్ మత విచారణ సంస్థ ఆ సంపుటాల్ని నిషేధించింది. ఆయన మాత్రం చివరిదాకా సన్యాసిగానే ఉన్నాడు.

ఒక విషయం మాత్రం మెత్తగా దాటెయ్యకూడదు. ఈ చరిత్రల్లో ప్రేమ ఎంత ఉందో పరాయివాళ్ళ మీద కోపం కూడా అంత ఉంది. పెరియ పురాణంలో మదురైలో వాదంలో ఓడిన 8000 మంది జైనుల్ని కొరత వేశారని (శూలాలకి గుచ్చి చంపారని) ఉంటుంది, బసవ పురాణంలో కూడా జైనుల మీద దాడులు గొప్పగా చెప్తారు. మదురై సంఘటనకి జైనుల రచనల్లో గానీ ఆనాటి శాసనాల్లో గానీ రుజువు కనపడదు, కాబట్టి అది జరిగిందని ఒప్పుకోనక్కర్లేదు. కానీ అది జరిగిందని చెప్పుకుని గర్వపడ్డారన్నది మాత్రం నిజం, దాన్ని కప్పిపెట్టి మిగతా కథల తియ్యదనం మాత్రమే పిల్లలకి చెప్పడం నాకు నచ్చదు. అవతలివాళ్ళు ఏం చెప్పారో కూడా చదవాలి. కన్నడదేశంలో కల్యాణం అనే నగరాన్ని ఏలిన బిజ్జలుడి చావునే తీసుకోండి, శివభక్తుల కళ్ళు తీయించిన పాపానికి భక్తుల చేతిలో చచ్చాడని వీరశైవులు చెప్తే, జైనులు చెప్పుకున్న కథలో వీరశైవుల గురువు బసవడు విషం పెట్టించాడని ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడితే కల్యాణంలో ఎంత చీలిక వచ్చిందో అర్థమవుతుంది.

ఇదంతా పాతకాలంతో ఆగిపోయిందనుకోకండి. షిర్డీ సాయిబాబా 1918లో పోయారు, ఫొటోలున్న కాలం, రైళ్ళున్న కాలం. ఆయన చరిత్ర రాసిన దాభోల్కర్ ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. అయినా పుస్తకం రాసింది వచనంలో కాదు, పాత మరాఠీ సంతుల్లాగా ఓవీ ఛందస్సులో, మొదటి అధ్యాయంలోనే బాబా గోధుమలు తిరగట్లో విసిరి ఆ పిండి ఊరి పొలిమేరలో చల్లించి కలరాని ఆపిన ఘట్టం. కళ్ళతో చూసినవాడు కూడా ఆ రూపమే ఎందుకు ఎంచుకున్నాడంటే, అది చదివి పక్కన పెట్టే పుస్తకం అవ్వడం ఆయన ఉద్దేశం కాదు, వారంరోజులు కూచుని పైకి చదువుకోవాలి, నలుగురు వినాలి. తెలుగిళ్ళల్లో ఇప్పటికీ అలాగే చదువుతున్నారు.

అందుకే మీ అమ్మమ్మగారికి ఇది జరగలేదని చెప్పడం మీద నా అభిప్రాయం సూటిగా చెప్తాను: చెప్పొద్దు. ఆవిడ నమ్మకం చెడిపోతుందని కాదు, ఆవిడ అడగని ప్రశ్నకి జవాబు అది. ఆవిడ ఆ కథని దేనికి వాడుకుంటున్నారో తెలుసుకోండి, ఏ అధ్యాయం దగ్గర గొంతు మారుతుంది, ఏ కథ మళ్ళీమళ్ళీ చెప్తారు, మీ అమ్మకి జ్వరం వచ్చినప్పుడు ఏది చదివారు, ఇవి అడగండి. మీరు ఈ సాహిత్యం మీద నిజంగా పని చెయ్యాలనుకుంటే ఆవిడ చెప్పే జవాబులు ఏ లైబ్రరీలోనూ దొరకవు, ఫోన్లో రికార్డు చేసి పెట్టుకోండి, ఆవిడ పుస్తకంలో లేనిది కలిపి చెబితే సరిదిద్దకండి, ఆ కలిపిన ముక్కే మీకు కావాల్సింది.

చదవడం మొదలుపెట్టాలంటే ముందు రుద్రపశుపతి కథ బసవ పురాణంలో చదవండి, తర్వాత పెరియ పురాణం వచనంలోనైనా సరే ఆయన భాగం చూడండి, అరగంట కూడా పట్టదు. పాత తెలుగు కష్టమనిపిస్తే వెల్చేరు నారాయణరావుగారు, జీన్ రోఘేర్ కలిసి చేసిన ఇంగ్లీషు అనువాదం 1990లో వచ్చింది, పక్కన పెట్టుకోండి, కానీ ద్విపద మాత్రం కళ్ళతో కాకుండా నోటితో చదవండి, రెండేసి పాదాల చొప్పున, వీలైతే మీ అమ్మమ్మగారి ముందు కూచుని. ఆ తర్వాత గొడగూచి, ఆ తర్వాత చిన్నన్న ద్విపదలో సంకెళ్ళ ఘట్టం. ప్రతిదానికీ ఒక కాగితం మీద మూడు ముక్కలు రాసుకోండి: ఎవరి ముందు చెప్పారు, భక్తుడు పోయిన ఎన్నేళ్ళకి చెప్పారు, అంతకుముందున్న కథలో లేనిది ఇందులో ఏం చేరింది. మూడోది రాయలేకపోతే ఆ కథ పాత రూపం ఇంకా మీకు దొరకలేదని అర్థం, ముందు దాన్ని వెతకండి.